వంద అడుగులైనా చాలదు

పెదసంతవలస,
జూన్ 9

మాస్టర్ ప్లాన్ విభాగం అధికారి గారి సముఖానికి,
వంశధార–నాగావళి పట్టణాభివృద్ధి సంస్థ, విజయనగరం.

అయ్యా,

బజారు వీధి ఇత్తడి సామాన్ల వర్తకుడు ఉమాపతి నమస్కారాలతో రాసుకుంటున్నది. ఇక్కడ వానలు మొదలయ్యాయి, అందరం బాగున్నాం. తమరూ అక్కడ బాగున్నారని తలుస్తాను.

రాబోయే ఇరవై ఏళ్ళలో మా ఊరు ఎలా ఉండాలో తమరు పటం గీయించి పంచాయతీ ఆఫీసు గోడకి అంటించారు. అభ్యంతరాలు, సూచనలు ఏవైనా ఉంటే నెలాఖరులోగా కాగితం మీద రాసి పంపమన్నారు. నేను వెళ్ళి చూశాను. కళ్ళజోడు పెట్టుకుని ఒకసారి, తీసేసి ఒకసారి చూశాను. రెండుసార్లూ మా వీధి మీద ఎర్ర గీత ఉంది. ఎనభై అడుగుల రోడ్డు అని పక్కన రాసి ఉంది. ఇప్పుడు మా వీధి ముప్పై అడుగులు. పెరిగేదంతా మా కొట్లలోంచే రావాలి. ఆ లెక్కన మా కొట్టు మొత్తం పోతుంది, వెనకనున్న వంటింటి గుమ్మం దాకా రోడ్డు వస్తుంది.

చాలా సంతోషం.

అయ్యా, కొన్నేళ్ళ క్రితం మా కొట్టు ముందు ట్రాన్స్‌ఫార్మర్ వద్దని ఒక ఆఫీసుకి అర్జీ పెట్టాను. వీధి చివర పెట్టాలనుకున్నదాన్ని తెచ్చి సరిగ్గా మా గుమ్మం ముందు పెట్టారు. మురికికాలువ మా మెట్లకి తగలకుండా చూడమని ఇంకో ఆఫీసుకి రాశాను. మెట్లు పగలగొట్టి మరీ తవ్వారు. అప్పటినుంచి ఏ ఆఫీసుకీ ‘వద్దు’ అనే మాట రాయకూడదని ఒట్టు పెట్టుకున్నాను. కాబట్టి తమరు రోడ్డు వేయండి. అయినా ఎనభై ఏం సరిపోతుందండీ? గరివిడి వైపు పోయే లారీలు రెండు ఎదురెదురుగా వస్తే ఏమిటి గతి? వంద అడుగులు చేయండి. చేస్తే వంద చేయాలి, లేకపోతే అసలా ఆలోచనే మానుకోవాలి. ఈ రెండో సంగతి కూడా తమరు తీరిగ్గా ఆలోచించగలరు.

మా కొట్టు బోర్డు ఈమధ్యే మార్పించాను. ‘ఉమాపతి అండ్ డాటర్’ అని రాయించాను. మా అమ్మాయి దీపిక విశాఖపట్నంలో ఉద్యోగం మానేసి, కొట్టు నేను నడుపుతానని వచ్చి గల్లాపెట్టె దగ్గర కూర్చుంది. ఈ రోడ్డు కబురు వినగానే మా ఇంటావిడ పద్మకుమారి, “ఇప్పుడు మనం ఎక్కడికి పోతామండీ, ఈ పిల్ల ఏటైపోతాది” అని రెండు రోజులు అన్నం ముట్టలేదు. అంతా ఆనందమే.

బజారు వర్తక సంఘానికి అధ్యక్షుణ్ణి నేనే. అందుకని వీధిలో ఎవరూ విడివిడిగా రాయొద్దని, అందరి తరఫునా నేనే చూసుకుంటానని చెప్పాను. దీన్ని అందరి మాటగా తీసుకోగలరు.

ఇట్లు తమ విధేయుడు,
ఉమాపతి

తా.క.: వంద అడుగుల రోడ్డుకి నిధులు ఉండకపోవచ్చు. లేవని తమరు ఒక్క ముక్క రాసినా నేను బాధపడను. మళ్ళీ అడగను కూడా.


విజయనగరం,
జూన్ 16

శ్రీ ఉమాపతి గారికి,

నమస్కారం. మీ సూచన అందింది. అందింది అని మాత్రమే రాసి ఊరుకోవాలి, ఆఫీసు పద్ధతి అదే. కానీ ఊరుకోలేక రాస్తున్నాను.

నా పేరు సంహిత. ఇక్కడ అసిస్టెంట్ ప్లానర్‌ని. ఇది నా మొదటి ఉద్యోగం. శ్రీముఖలింగంలో మా ఇంట్లో అందరూ బడిపంతుళ్ళే. నేనొక్కదాన్నీ పటాలు గీసే చదువు చదివాను. జనం మాట విని ఊరి పటం గీయడం కన్నా మంచి పని ఏముంటుంది అనుకుంటూ చేరాను. ముసాయిదా బయటపెట్టిన రోజు నుంచి వింటున్నవన్నీ తిట్లే. ఒకాయన మా పటాన్నే చింపి కవర్లో పెట్టి పంపారు. ఒకావిడ ఆఫీసుకి వచ్చి, “మా ఇంటి మీదేనేటి గీతలు? నీ బల్ల మీద గీసుకో” అని సుద్దముక్కతో నా బల్లని రెండు ముక్కలుగా గీసి వెళ్ళింది. కళ్ళు మూసుకుంటే ఎర్ర గీతలే కనిపిస్తున్నాయి. ఉద్యోగం మానేద్దామా అన్న ఆలోచన కూడా వచ్చింది.

అలాంటప్పుడు మీ ఉత్తరం వచ్చింది. తన కొట్టు పోతుందని తెలిసి కూడా ఊరి కోసం రోడ్డు ఇంకా వెడల్పు చేయమన్నవారిని నేను చూడలేదు. మా పెద్ద సారుకి చదివి వినిపించాను. ఆయన ఉత్తరం తీసుకుని తనే రెండుసార్లు చదువుకున్నారు. తర్వాత “సరే, వందే వేసీ” అన్నారు. పటంలో మార్చేశాను.

నిధుల గురించి మీరు బెంగ పెట్టుకోవద్దు. ఇది ఇరవై ఏళ్ళ ప్రణాళిక. ఎప్పుడో ఒకప్పుడు వస్తాయి.

ఇట్లు,
సంహిత

తా.క.: పద్మకుమారి గారిని భోజనం చేయమని చెప్పండి. ఎంత ఆనందమైనా రెండు రోజుల పస్తు మంచిది కాదు.


పెదసంతవలస,
జూన్ 20

సంహిత గారికి ఉమాపతి అనేక నమస్కారాలు.

అమ్మా, తమరి జవాబు అందింది. నిలబడి చదవడం మొదలుపెట్టి కూర్చుని పూర్తి చేశాను. దీపిక “ఏటి నాన్నా, మొహం అలాగయిపోనాది?” అని మంచినీళ్ళు తెచ్చింది. సంతోషం ఎక్కువైందని చెప్పాను.

తమరు అంత తొందరగా ఒప్పుకుంటారని అనుకోలేదు. బహుశా నేను అడిగింది మరీ చిన్నదై ఉంటుంది. తీరా ఇచ్చాక ఇంతేనా అనిపించకూడదు కదా. అందుకని బాగా ఆలోచించి ఇంకొన్ని కలుపుతున్నాను. వంద అడుగుల రోడ్డు పక్కన లారీలు ఆపుకోవడానికి పెద్ద స్థలం ఉండాలి. బస్టాండు ఉండాలి. ఒక పార్కు ఉండాలి, అందులో రంగుల దీపాలతో ఫౌంటెన్ ఉండాలి. రోడ్డు మధ్యలో వరసగా సంపెంగ చెట్లుండాలి. ఇవన్నీ కలిపి ఒక్కసారే చేయాలి. ఇందులో ఒక్కటి కుదరకపోయినా మొత్తం ప్రణాళిక ఆపేయడమే మా వీధికి మర్యాద. ఏది కుదరదో తమరికే తెలుస్తుంది. నన్నడిగితే అన్నీ కష్టమే.

మా పక్క కొట్టు దర్జీ గంగులు రోజూ పొద్దున్నే వచ్చి, “సావుకారూ, రోడ్డాగిపోనాదా?” అని అడుగుతున్నాడు. రాశానురా అంటున్నాను. నా మాట మీద నమ్మకంతో నిన్న కొత్త కుట్టుమిషను తెచ్చుకున్నాడు. దానికి పసుపు కుంకుమ పెట్టి మమ్మల్ని పిలిచాడు. వెళ్ళాను. ప్రసాదం గొంతు దిగలేదు. ఈమధ్య నాకు ఏదీ దిగడం లేదు, వాతావరణం మారింది కదా.

ఇట్లు,
ఉమాపతి

తా.క.: ఒక సంగతి చెప్పడం మరిచాను. మా ఇంటి కింద అంతా రాయి. పునాది తవ్వినప్పుడు గునపాలు విరిగిపోయాయి. రోడ్డుకి బొత్తిగా పనికిరాని నేల. తర్వాత ముందే ఎందుకు చెప్పలేదని తమరు అనకూడదని చెబుతున్నాను.


విజయనగరం,
జూన్ 27

పూజ్యులు ఉమాపతి గారికి,

నమస్కారాలు. మీ రెండో ఉత్తరం మా పెద్ద సారు బల్ల మీద అద్దం కింద ఉంది. వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నారు.

మీరు అడిగినవన్నీ కుదిరాయి. లారీలు ఆపే స్థలానికి పక్కనున్న గంగులు గారి కొట్టు, దాని పక్కన లక్ష్మణమ్మ గారి పూలకొట్టు, వాటి వెనక ఖాళీ కలిపితే సరిగ్గా సరిపోయింది. మీరు అందరి తరఫునా రాశారు కాబట్టి వాళ్ళ సమ్మతి ఉన్నట్టే రాసుకున్నాం. బస్టాండు ఎదురు వరసలో వస్తుంది. పార్కుకి మాత్రం కొంచెం ఇబ్బంది పడ్డాం. చివరికి మీ పెరడు దొరికింది. ఫౌంటెన్ మీ వంటింటి చోట వస్తుంది. పద్మకుమారి గారు ఇన్నాళ్ళూ పొయ్యి వెలిగించిన చోట నీళ్ళు ఎగసిపడతాయని అనుకుంటేనే నాకు ఒళ్ళు పులకరించింది.

రాయి సంగతి చెప్పి ఎంత మేలు చేశారో! మా ఇంజనీర్లు ఎగిరి గంతేశారు. రాతి నేల మీద ఎంత బరువైనా నిలుస్తుందట. ఇన్ని రోజులూ ఈ సంగతి వాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

సోమవారం సర్వేయర్లు కొలతలకి వస్తారు. గోడల మీద ఎర్ర రంగుతో గుర్తులు వేస్తారు. మీ వీధి పని పెద్దదైంది కాబట్టి మీ ఊరికి గడువు కూడా జూలై పదిహేను దాకా పెంచాం. ఇంకేమైనా గుర్తొస్తే మొహమాటపడకుండా అడగండి.

మీ
సంహిత

తా.క.: సర్వేయర్లకి కాస్త మంచినీళ్ళు ఇప్పించండి. వేరే వీధుల్లో మీద పోస్తున్నారు.


(పోస్టుకార్డు)

పెదసంతవలస, జూలై 2

అమ్మా,

మీవాళ్ళు వచ్చారు. మా వంటింట్లో గ్యాసు పొయ్యి వెనక గోడ మీద ఎర్ర బాణం వేశారు. గంగులు మిషను మీద కూడా పొరపాటున చుక్క పడింది. “ఇదేటి సావుకారూ?” అంటే ఊరికే కొలతలురా అన్నాను. ఇక ఒక్కటే మిగిలింది. లారీలు కింద పోతే జనానికి ఇబ్బంది. కాబట్టి ఫ్లైఓవర్ కట్టాలి. మా వీధి మీదుగా ఎక్కి శ్రీకూర్మం దాకా దిగకూడదు. కట్టలేరు కదా? కట్టలేమని వెంటనే రాయండి. స్పీడ్ పోస్టులో రాయండి.
ఉమాపతి

తా.క.: అమ్మా, నేను పద్మకుమారిని. ఈయనకి బీపీ ఉన్నాది. రోజూ వీధిలో నిలబడి అడుగులేసి కొలుస్తన్నారు. పుణ్యముంటాది, దేనికైనా ఒక్కసారి కాదనండి.


విజయనగరం,
జూలై 7

పూజ్యులు ఉమాపతి గారికి, పద్మకుమారి గారికి,

పద్మకుమారి గారు రాసింది చదివి నా మనసు కదిలింది. ఊరి కోసం ఆయన అలా తిండీ నిద్రా మానుకుంటుంటే చూడలేక, కాస్త విశ్రాంతి దొరుకుతుందని కాదనమన్నారు. నాకు అర్థమైంది. కానీ ఇంత తపన పడే పెద్దమనిషిని కాదని, ఆ బీపీ ఇంకా పెంచిన పాపం నాకెందుకు?

ఫ్లైఓవర్ మాట చెప్పగానే మా పెద్ద సారు కుర్చీలోంచి లేచారు. కాసేపు గదిలో అటూ ఇటూ తిరిగారు. “ఇంకేటి అడుగుతాడమ్మా ఈయన?” అన్నారు. ఇంకేమీ అడగలేదు సారూ అన్నాను. చివరికి సంతకం పెట్టి పై ఆఫీసుకి పంపించారు. మీ ఇంటి కింద ఉన్న రాయి వల్ల మొదటి స్తంభం మీ కొట్టు నడిమధ్యన వస్తుంది.

ఇంకో శుభవార్త. ఈ నెల పద్దెనిమిదిన మీ ఊరి కళ్యాణ మండపంలో సభ పెడుతున్నాం. అందులో మీకు సన్మానం. రోడ్డుకి ‘ఉమాపతి మార్గం’ అని పేరు పెట్టాలని ప్రతిపాదన. వీధిలో అందరికీ ఆహ్వానపత్రాలు ఇప్పటికే పంపేశాం, మీకు ఆశ్చర్యంగా ఉంటుందని ముందు చెప్పలేదు. కొట్టు ఇంకా ఉంది కాబట్టి, దాని ముందు మీ కుటుంబంతో ఒక ఫోటో కూడా తీయిస్తాం.

మీ
సంహిత

తా.క.: శాలువా ఏ రంగుదైతే బాగుంటుందో చెప్పగలరు. మా పెద్ద సారు ఎరుపు అంటున్నారు, పటంలో గీతకి సరిపోతుందని.


పెదసంతవలస,
జూలై 13

అమ్మా సంహితా,

ఇన్నాళ్ళూ తమరు అని రాశాను. ఇవాళ మా అమ్మాయికి రాసుకున్నట్టు రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

రోడ్డు వద్దు.

వంద వద్దు, ఎనభై వద్దు. ఫ్లైఓవర్ వద్దు, ఫౌంటెన్ వద్దు, సంపెంగ చెట్లూ వద్దు. శాలువా ఏ రంగుదీ వద్దు.

నేనిన్నాళ్ళూ నీతో బేరమాడాను తల్లీ. మా కొట్టులో బిందె కావలసిన మనిషి బిందె అడగదు. బిందె వైపు చూడను కూడా చూడదు. ముందు గంగాళం ఎంతని అడుగుతుంది. చెబితే పెదవి విరుస్తుంది. వేలితో కొట్టి చూసి మోత లేదంటుంది. మెట్లు దిగిపోతూ, ఏదో మాటవరసకి అన్నట్టు “పోనీ ఆ బిందెంతేటి?” అంటుంది. కావలసింది కావాలని, అక్కర్లేనిది అక్కర్లేదని మా బజారులో పైకి చెప్పేవాళ్ళు లేరు. చెప్పినవాణ్ణి అమాయకుడంటారు. దీపిక వచ్చాక సామాన్లన్నిటికీ ధర చీటీలు అంటించి, “ఒకటే మాట నాన్నా, నచ్చితే కొంటారు” అంది. పిచ్చిపిల్ల, ఇలా అయితే ఎలా బతుకుతుందని నవ్వుకున్నాను. ఆఫీసుతో కూడా అలాగే ఉండాలనుకున్నాను. మొయ్యలేనంత అడిగితే మీరే చేతులెత్తేసి, మొత్తం మానేస్తారని నా ఎత్తు. నేను గంగాళం అడిగినప్పుడల్లా నువ్వు గంగాళం కట్టి చేతికిచ్చేశావు. నేను ఇంకా పెద్దది అడిగాను.

మొన్న ఆహ్వానపత్రాలు వచ్చాయి, వెనక కొత్త పటం అచ్చువేసి మరీ. వీధి వీధంతా మా కొట్టు ముందుకి వచ్చి నిలబడ్డారు. గంగులు అరవలేదు. అరిస్తే నేనూ అరిచేవాణ్ణి. “సావుకారూ, నీకు సన్మానమంట. మంచిదే. మరి నా మిషన్ల మీద లారీలెట్టుకోమని నేనెప్పుడు సెప్పాను? నువ్వు సూసుకుంతానన్నావని నోర్మూసుకున్నాను కదేటి” అన్నాడు. లక్ష్మణమ్మ కళ్ళు తుడుచుకుంటూ, “బాబూ, నీ సన్మానానికి దండ నన్నే కట్టమని ఆఫీసోలు కబురెట్టారు. నా కొట్టు పోతాదని నీకు దండేస్తారంట. కట్టీమంటావేటి?” అని అడిగింది. నిజంగానే జవాబు కోసం నిలబడింది.

పద్మకుమారి నన్ను తిట్టడం కూడా మానేసింది. “మీరేటి రాసేరో ఇంక నాకు సెప్పకండి” అని లోపలికి వెళ్ళిపోయింది.

దీపిక స్టూలు వేసుకుని ఎక్కి, తనే బోర్డు విప్పింది. తడిగుడ్డతో తుడిచి, వాళ్ళమ్మ పాత చీర చుట్టి లోపల పెట్టింది. “కూలగొట్టే మిషన్లొచ్చినప్పుడు విరిగిపోతాది నాన్నా. ఎక్కడికెల్తే అక్కడ పెట్టుకుందాం” అంది. అప్పుడు ఏడుపొచ్చింది నాకు. ఇంత వయసు వచ్చి బజారులో పదిమంది ముందు ఏడ్చాను. ఉన్న ఉద్యోగం వదులుకుని నన్ను నమ్మి వచ్చిన పిల్ల. దాని కొట్టుని నేను నా చేత్తో, మంచి దస్తూరీతో, స్టాంపులంటించి మరీ కూల్చేశాను.

భయంగా ఉందమ్మా. గడువు ఎల్లుండితో అయిపోతుంది. పోస్టుని నమ్మలేక ఈ ఉత్తరం దీపికకే ఇచ్చి పంపిస్తున్నాను. ఇదే నా అభ్యంతరం. మా వీధిని వదిలేయండి. ఇందులో బేరం లేదు.

ఉమాపతి

తా.క.: ఇంత రాశాక కూడా చెయ్యి ఊరుకోక ‘పోనీ అరవై’ అని రాశాను. దీపిక కొట్టేసింది. పైన ఆ కొట్టివేత చూసి ఏమీ అనుకోకు.


విజయనగరం,
జూలై 14

ఉమాపతి బాబాయ్ గారికి,

ఇది నా సొంత కాగితం. ఆఫీసు కాగితం విడిగా పంపుతున్నాను, దాంట్లో ‘మీ అభ్యంతరాన్ని ఆమోదించడమైనది’ అని ఒకే వాక్యం ఉంటుంది. మిగతాది ఆఫీసు కాగితం మీద రాసే వీల్లేదు.

దీపిక ఎదురుగా కూర్చుని ఉండగానే మీ ఉత్తరం చదివాను. సిగ్గుతో చచ్చిపోయాను. నన్ను మెచ్చుకున్న ఒకే ఒక్క మనిషి అని మిమ్మల్ని పట్టుకుని వేళ్ళాడాను. మీరు నిజంగా ఏమనుకుంటున్నారో ఒక్కసారి ఊరొచ్చి అడిగితే సరిపోయేది, అడగలేదు. అడిగితే ఆ ఒక్క మెప్పూ పోతుందేమోనని భయం. పద్మకుమారి గారు కాదనమని అంత స్పష్టంగా రాస్తే నాకు కావలసినట్టు చదువుకున్నాను.

ఉత్తరం పట్టుకుని పెద్ద సారు గదికి పరుగెత్తాను. ఆయన మొత్తం చదివారు. ముందు తలుపు వేయమన్నారు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి, “బతికించేడమ్మా” అన్నారు.

ఆయన చెప్పింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. నాకూ ఇప్పుడే తెలిసింది. మీ వీధికి కావలసింది మొదటినుంచీ నలభై అడుగులే. “నలభై కావాలంటే నలభై గీసీకూడదమ్మా. గీస్తే జనం పాతిక సాలంటారు. ఎనభై గియ్యాలి. ఆళ్ళు గోలెడతారు, మనం కొన్నాళ్ళు బెట్టుసేసి నలభైకి దిగుతాం. గెలిసినామని ఆళ్ళెల్తారు, పనయిందని మనమెల్తాం. నా సర్వీసంతా ఇలాగే నడిచింది” అన్నారు. అన్ని వీధుల్లోనూ అలాగే అయిందట. నా బల్ల మీద సుద్దతో గీసిన ఆవిడ వీధి కూడా నలభైకే దిగింది. మీ ఒక్క వీధి నుంచే ఎవరూ తగ్గించమనలేదు. ఎనభై చెబితే వంద అన్నారు. ఆయన సరే అంటే ఇంకా అన్నారు. “నేను దిగుదామంటే ఆయన ఎక్కుతన్నాడు. కొనేవోడు ధర పెంచుతుంటే అమ్మేవోడు ఏటి సెయ్యాల?” అని నన్నే అడిగారు. ఎలాగూ ఏదో ఒక మెట్టు దగ్గర మీరే వెనక్కి తగ్గుతారని చూస్తూ కూర్చున్నారట. ఫ్లైఓవర్ కాగితం పై ఆఫీసుకి వెళ్ళాక, వాళ్ళు నిజంగానే అంచనాలు పంపమన్నారు. ఆ రోజు నుంచి ఆయనకీ నిద్ర లేదు. బీపీ మాత్రలు ఆయన సొరుగులో కూడా ఉన్నాయి.

ఇక అసలు సంగతి. నలభై అడుగులు ఖాయం చేశాం. ఇటు అయిదు, అటు అయిదు. మీ అరుగు పోతుంది, మెట్లు పోతాయి. కొట్టు ఉంటుంది. వంటిల్లు ఉంటుంది. గంగులు గారి మిషన్లూ లక్ష్మణమ్మ గారి కొట్టూ ఎక్కడివక్కడే ఉంటాయి. సన్మానం రద్దు. పై ఆఫీసుకి ఏం రాయాలో సారు ఇంకా ఆలోచిస్తున్నారు. నలభై మాట చెప్పగానే దీపిక పెద్దగా నవ్వింది, నవ్వుతూనే నా బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. తనని చూసి నేను కూడా. బయట వరండాలో అర్జీలతో వచ్చినవాళ్ళు లోపల ఎవరో పోయారనుకుని కాసేపు మౌనంగా నిలబడ్డారు.

ఈ ఉత్తరం తన చేతికే ఇస్తున్నాను. చీకటి పడకముందే మీకు అందుతుంది.

మీ అమ్మాయి లాంటి
సంహిత

తా.క.: బాబాయ్ గారూ, దీపిక బయల్దేరుతుండగా మీ వెనక వీధి నుంచి ఒక ఉత్తరం వచ్చింది, నలభై సంతకాలతో. బజారు వీధికి ఇచ్చిన వంద అడుగుల రోడ్డు, ఫౌంటెన్, ఫ్లైఓవర్ తమకే ఇవ్వాలట, ఒక్కటి తగ్గినా ఊరుకోరట. వాళ్ళకి ఇవి నిజంగా కావాలో, వద్దో నాకు తెలియడం లేదు. సారుకీ తెలియడం లేదు, మాత్ర వేసుకుని కూర్చున్నారు. రేపు సాయంత్రంతో గడువు అయిపోతుంది. ఒక్కసారి ఆ వీధికి వెళ్ళి వాళ్ళ మొహాలు చూసి చెప్పండి.